రోహింగ్యాలపై హింస: ఒక ఫోటో, ఒక వీడియో, ఒక వాంగ్మూలం చేతికొస్తే ఏం చేయాలి

రోహింగ్యాలు మయన్మార్ పడమటి రాష్ట్రం రఖైన్‌లోని ముస్లిం ప్రజలు. ప్రభుత్వం వాళ్లను 'బెంగాలీలు' అంటుంది. 2017 ఆగస్టు 25 నుంచి సైన్యం సాగించిన దాడుల్లో ఊళ్లు కాలిపోయి లక్షల మంది బంగ్లాదేశ్‌కు పారిపోయారు. మయన్మార్ సైన్యంలో ప్రజా సంబంధాలు, మానసిక యుద్ధం చూసే విభాగం 2018 జులైలో రోహింగ్యా వ్యవహారం మీద ఒక పుస్తకం వేసింది. అందులో ఒక నలుపు తెలుపు ఫోటో: రెండు శవాల పక్కన పొలం పనిముట్టు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. 'బెంగాలీలు స్థానికులను దారుణంగా చంపారు' అని కింద వ్యాఖ్య. 1940ల నాటి అల్లర్ల గురించి చెప్పే చోట దాన్ని పెట్టారు. ఆ ఫోటో అసలు బర్మాది కాదు, 1971 బంగ్లాదేశ్ యుద్ధం నాటిది. ఇంకో చోట నడుములు వంచుకుని బారులుగా నడుస్తున్న జనం. బ్రిటిష్ వాళ్ల కాలంలో చొరబడ్డ బెంగాలీలని వ్యాఖ్య. అది 1996లో తీసిన రువాండా శరణార్థుల రంగుల ఫోటో. రంగు తీసేసి పాతదానిలా మసకబార్చారు. మూడోది 2015లో మయన్మార్ వదిలి పోతున్న వాళ్ల పడవ. దాన్ని తిప్పి, మసక చేసి, లోపలికి వస్తున్న పడవగా చూపించారు. రాయిటర్స్ ఈ మూడింటినీ బయటపెట్టాక సైన్యం క్షమాపణ చెప్పింది.

రెండో వైపూ ఇదే పని జరిగింది. 2017 ఆగస్టు 29న టర్కీ ఉప ప్రధాని మెహ్‌మెత్ షిమ్‌షెక్ రోహింగ్యాల ఊచకోత అంటూ నాలుగు ఫోటోలు ట్వీట్ చేశారు. వాటిలో ఒకటి 2003లో ఇండోనేసియాలోని ఆచేలో తీసినది, ఒకటి 1994 రువాండాది, ఒకటి నేపాల్ వరదలది. మూడు రోజులకు తీసేశారు. ఈలోగా జరగాల్సిన నష్టం జరిగింది. 'చూశారా, అన్నీ అబద్ధాలే' అనడానికి మయన్మార్ ప్రభుత్వానికి అంతకంటే మంచి అవకాశం దొరకదు. అదే వారంలో, ఆగస్టు 30న, తులా తొలి అనే ఊళ్లో నిజంగానే ఊచకోత జరిగింది. బాధితుల పట్ల జాలితో పంచిన అబద్ధపు ఫోటో చివరికి ఆ బాధితుల మాటనే నమ్మరానిదిగా చేస్తుంది. అందుకే మన మనసుకు నచ్చిన వైపు నుంచి వచ్చిన సాక్ష్యాన్నే ఎక్కువ కఠినంగా పరీక్షించాలి.

ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లకు, అనువదించేవాళ్లకు, గ్రూపుల్లో తిరిగేదాన్ని తేల్చి చెప్పాలనుకునేవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు దాచండి, తర్వాత చూడండి

పోస్టు కనబడగానే అది నిజమా కాదా అని వెతకడం మొదలుపెడతాం. ఈలోగా అది మాయమవుతుంది. 2018 ఆగస్టు 27న ఫేస్‌బుక్ సైన్యాధిపతి మిన్ ఆంగ్ లయింగ్‌తో సహా 18 ఖాతాలను, 52 పేజీలను తీసేసింది. వాటిని అనుసరించేవాళ్లు కోటీ ఇరవై లక్షల దాకా ఉండేవాళ్లు. కంపెనీ తన దగ్గర ఆ సమాచారం భద్రపరిచానని చెప్పింది. బయటివాళ్లకు మాత్రం అది ఒక్క రోజులో అందకుండా పోయింది. తర్వాత అంతర్జాతీయ న్యాయస్థానంలో మయన్మార్‌పై జాతిహత్య కేసు వేసిన గాంబియా దేశం ఆ సమాచారం కోసం అమెరికా కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది.

కాబట్టి దొరికిన వెంటనే ఈ వరసలో చేయండి. పేజీ లింకు, ఖాతా పేరు, ఖాతా అంకెల గుర్తింపు (పేరు మార్చుకున్నా ఇది మారదు), మీరు చూసిన తేదీ, సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) రాసుకోండి. లింకును వేబ్యాక్ మెషీన్‌లాంటి, వెబ్ పేజీల ప్రతులు దాచే చోట భద్రపరచండి. ఫేస్‌బుక్ పోస్టులు అక్కడ సరిగా నిలవవు కనుక పేజీ మొత్తాన్ని విడిగా కూడా దింపుకోండి, వ్యాఖ్యలతో సహా. ఫోటో, వీడియో ఫైళ్లను స్క్రీన్‌షాట్ తీయకుండా ఫైలుగానే దించండి. దించిన నిమిషంలోనే దానికి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్రలాంటి అక్షరాల, అంకెల వరస) లెక్కించి రాసిపెట్టండి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ హ్యాష్ మారిపోతుంది కాబట్టి, రెండేళ్ల తర్వాత 'మీరే మార్చారు' అన్నవాళ్లకు అదే సమాధానం. మూడు ప్రతులు చేసి, ఒకటి ఇంటర్నెట్‌కు తగలని డిస్క్‌లో పెట్టండి. వెలుగు పెంచడం, కత్తిరించడం, తిప్పడం లాంటివన్నీ వేరే ప్రతి మీద చేయండి. మొదటి ప్రతిని తెరవకండి కూడా.

ఎవరైనా వాట్సాప్‌లో ఫోటో పంపితే, దాన్ని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమని అడగండి. మామూలుగా పంపితే ఫోటోలో దాగి ఉండే తీసిన తేదీ, చోటు, కెమెరా వివరాలన్నీ పోతాయి. వాట్సాప్ ఫైలు పేరులో కనిపించే 20170901 లాంటి అంకె చాలామందిని మోసం చేస్తుంది. అది ఆ ఫోన్‌కు ఫైలు చేరిన రోజు. తీసిన రోజుతో దానికి సంబంధం లేదు.

పాత ఫోటోనా?

రివర్స్ సెర్చ్ (ఫోటోనే ఇచ్చి అది ఇంకెక్కడ ఉందో వెతకడం) ఒక్క గూగుల్‌తో ఆపకండి. యాండెక్స్ మనుషుల ముఖాలను, కట్టడాలను బాగా పట్టుకుంటుంది. టిన్‌ఐలో 'పాతవి ముందు' అని పెడితే మొదట ఎక్కడ కనిపించిందో దొరకొచ్చు. ఫలితం రాకపోతే అది కొత్త ఫోటో అని అనుకోవద్దు. అడ్డంగా తిప్పి వెతకండి, అంచులు కత్తిరించి వెతకండి, ఒక మూలనున్న వస్తువును మాత్రమే కత్తిరించి వెతకండి. సైన్యం పుస్తకంలో ఫోటోలకు చేసినవి కూడా ఇవే: రంగు తీయడం, తిప్పడం, మసక చేయడం. అచ్చు మాసిపోయినట్టు కనిపించే చరిత్ర ఫోటోను మరీ ఎక్కువగా అనుమానించాలి.

ఈ విషయంలో పదే పదే తిరిగి వచ్చే ఒక ఫోటో ఉంది. ఎర్ర వస్త్రాల భిక్షువులు వరసగా పడి ఉన్న వందల శవాల మధ్య నిలబడి ఉంటారు. 'బర్మాలో బౌద్ధులు ముస్లింలను చంపి నిలబడ్డారు' అని రాస్తారు. అది 2010 ఏప్రిల్‌లో చైనాలోని చింగాయ్ ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు అంత్యక్రియలకు సాయపడ్డ టిబెటన్ భిక్షువుల ఫోటో. వస్త్రం రంగు చూసి టిబెటన్లని తేల్చేయకండి. మయన్మార్ భిక్షువులూ ముదురు ఎరుపు, గోధుమ రంగు వేస్తారు. వస్త్రం కట్టిన తీరు, వెనక కొండలు, నేల, చలి బట్టలు చూడాలి.

ఫోటో తాజాదే అయినా నాటకం కావొచ్చు. 2017 సెప్టెంబరు మొదట్లో ప్రభుత్వం ఉత్తర రఖైన్‌లోని మౌంగ్డాకు తీసుకెళ్లిన విలేకరులకు ఒక ఆశ్రమంలో ఫోటోలు ఇచ్చారు: ముస్లింలే తమ ఇళ్లు తగలబెట్టుకుంటున్నారని. ఫోటోలో కత్తి తిప్పుతున్న స్త్రీ నెత్తిన ముసుగనుకున్నది నిజానికి లేసు అంచున్న బల్లగుడ్డలా ఉంది. ఆ స్త్రీని, ఇంకొకతన్ని అంతకుముందే విలేకరులు ఒక బడిలో చూశారు, ఇల్లు విడిచి వచ్చి తలదాచుకున్న హిందువుల మధ్య. బట్టల రంగు, పూలు, మడత కలిశాయి. ఇలాంటిది రివర్స్ సెర్చ్‌కు దొరకదు. ఆ వారంలో అదే ప్రాంతంలో తీసిన మిగతా ఫోటోలన్నీ ముందేసుకుని మనుషులను, బట్టలను పోల్చి చూడాలి.

ఎక్కడ

ఉత్తర రఖైన్ అంటే మూడు టౌన్‌షిప్‌లు: మౌంగ్డా, బుథిడౌంగ్, రథెడౌంగ్. 'మౌంగ్డా' అన్న మాట పట్టణానికీ, టౌన్‌షిప్‌కూ, జిల్లాకూ వాడతారు. వార్తలో 'మౌంగ్డాలో' అని ఉంటే ఏదో తేల్చుకోకుండా పటం మీద చుక్క పెట్టకండి.

ఊరి పేర్ల దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ఒకే ఊరికి అధికారిక బర్మీస్ పేరు ఒకటి, రోహింగ్యాలు పిలిచే పేరు ఇంకొకటి. తులా తొలి అధికారిక పటాల్లో మిన్ జీ. రెండు వార్తల్లో రెండు పేర్లు చూసి రెండు ఊచకోతలు అని లెక్కేసినవాళ్లున్నారు. పైగా విలేజ్ ట్రాక్ట్ అనే పాలనా విభాగం కింద చాలా పల్లెలు ఉంటాయి, పెద్ద పల్లె పేరే ట్రాక్ట్ పేరు. దీనికి మందు మయన్మార్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ యూనిట్ ఇచ్చే పీ-కోడ్‌లు. ప్రతి పల్లెకు ఒక కోడ్ ఉంటుంది. మీ పట్టికలో పేరు పక్కన కోడ్ రాయండి, తెలిసిన మారుపేర్లన్నీ ఇంకో గడిలో పెట్టండి. కొన్ని రోహింగ్యా పాడాలు (చిన్న వాడలు) ఈ జాబితాలో విడిగా ఉండవు. అప్పుడు అక్షాంశ రేఖాంశాలే దిక్కు.

చోటు పట్టడానికి కొండలు బాగా పనికొస్తాయి. మౌంగ్డా వైపు నుంచి చూస్తే పడమట నాఫ్ నది, దాని అవతల బంగ్లాదేశ్. తూర్పున గోడలా మయూ కొండల వరస, దాని వెనక బుథిడౌంగ్. మౌంగ్డా మైదానంలో తీశామన్న వీడియోలో దగ్గరగా పొడవైన కొండ గీత కనిపిస్తే కెమెరా దాదాపు తూర్పుకు తిరిగి ఉండాలి. ఆ గీత ఆకారాన్ని గూగుల్ ఎర్త్‌లో నేల మట్టానికి దిగి పోల్చవచ్చు.

వీధి కనిపిస్తే వాహనాలు చూడండి. మయన్మార్‌లో రోడ్డుకు కుడి పక్కన నడుపుతారు, బంగ్లాదేశ్‌లో ఎడమ పక్కన. మయన్మార్ కార్లలో చాలావాటికి స్టీరింగ్ కూడా కుడివైపే ఉంటుంది కనుక స్టీరింగ్ చూసి తేల్చకండి. బోర్డుల మీద అక్షరాలు గుండ్రంగా ఉంటే బర్మీస్, పైన గీత ఉంటే బెంగాలీ. ఫోటోను అడ్డంగా తిప్పారా అన్నది బోర్డు చదివితే బయటపడుతుంది.

ఎప్పుడు: అరగంట తేడా

మయన్మార్ గడియారం యూటీసీకి ఆరున్నర గంటలు ముందు. బంగ్లాదేశ్ ఆరు గంటలు ముందు. నాఫ్ నది దాటితే అరగంట మారుతుంది. ఉత్తర రఖైన్‌లో చాలామంది బంగ్లాదేశ్ సిమ్‌లు వాడేవాళ్లు, ఫోన్ అవతలి గట్టు టవర్ పట్టుకుంటే గడియారం కూడా ఆ దేశానిదే చూపిస్తుంది. దీనికి తోడు ఎంపీ4 వీడియోలో దాగి ఉండే సమయం సాధారణంగా యూటీసీలో ఉంటుంది. పాత ఫోన్ల జేపీజీ ఫోటోల్లో ఫోన్ చూపించే స్థానిక సమయం ఉంటుంది, ఏ దేశానిదో రాసి ఉండదు. అంటే వీడియోలో 03:40 ఉంటే మయన్మార్‌లో 10:10. అదే ఫోన్ ఫోటోలో 09:40 ఉంటే అది తేడా కాదు, బంగ్లాదేశ్ గడియారం కావొచ్చు. సాక్షి 'పది దాటింది' అని, ఫైలు 'తొమ్మిది నలభై' అని చెబితే సాక్షి అబద్ధమాడాడనేసే ముందు ఈ అరగంట లెక్క చూడండి.

నీడలతో సమయం పట్టే పద్ధతి ఇక్కడ ఒక చోట తిరగబడుతుంది. రఖైన్ రాజధాని సిట్వే 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మే మూడో వారం చివరి నుంచి జులై మూడో వారం చివరి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. 2012 జూన్ అల్లర్ల ఫోటోల్లో 'నీడ ఎప్పుడూ ఉత్తరానికే' అని దిక్కు తేలిస్తే అంతా తలకిందులవుతుంది. 2017 ఆగస్టు చివరికి మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుంది కానీ మరీ పొట్టిగా ఉంటుంది. ఆ వేళ కొలత నమ్మదగ్గది కాదు. పొద్దున, సాయంత్రం నీడలు తీసుకోండి. మయన్మార్ గడియారంలో అక్కడ మిట్టమధ్యాహ్నం సుమారు పన్నెండూ ఇరవైకి అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పైనుంచి చూస్తే

ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ మిషన్ 2018 నివేదిక ప్రకారం ఉత్తర రఖైన్‌లో కనీసం 392 ఊళ్లు పూర్తిగానో కొంతగానో నాశనమయ్యాయి, కనీసం 37,700 కట్టడాలు పోయాయి. ఆ లెక్క ఉపగ్రహ చిత్రాల నుంచి వచ్చింది. ఇందులో కొంత పని ఉచిత చిత్రాలతో మీరూ చేయవచ్చు, హద్దులు తెలిస్తే.

ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక చుక్క నేల మీద 10 మీటర్లు. వెదురు ఇల్లు ఆ ఒక్క చుక్కలో పూర్తిగా నిండదు. దీంతో ఇళ్లు లెక్కపెట్టకండి. కాలిన మేర ఎంత, ఎప్పటికి, ఎప్పటికి మధ్య కాలింది అన్నదే తేలుతుంది. ఇళ్లు లెక్కపెట్టాలంటే 30 నుంచి 50 సెంటీమీటర్ల వాణిజ్య చిత్రాలు కావాలి, గూగుల్ ఎర్త్ ప్రో పాత చిత్రాల్లో కొన్ని దొరుకుతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో రఖైన్ ఆకాశమంతా వానమబ్బే. మబ్బు లేని చిత్రం వారాల తరబడి రాకపోవచ్చు. వానకు కాలిన నేల కొద్ది వారాల్లోనే పచ్చబడిపోతుంది కనుక ఆలస్యంగా వచ్చిన మంచి చిత్రం చూసి 'ఏమీ కాలలేదు' అనేస్తారు. చెట్ల కొమ్మలు మాడాయా, పైకప్పుల మెరుపు పోయిందా అన్నవి అప్పుడు చూడాలి.

ఉపగ్రహాలు పట్టిన మంటలను పటం మీద చూపించే నాసా ఫర్మ్స్ చుక్కలు 375 మీటర్ల, ఒక కిలోమీటరు కొలతలో వస్తాయి. చుక్క పడిందంటే ఆ చుట్టుపక్కల వేడి ఉందని అర్థం, ఫలానా ఇల్లు కాలిందని కాదు. చుక్క లేకపోతే మంట లేదని కూడా కాదు, మబ్బు కప్పేసి ఉండొచ్చు. కొండల్లో పోడు మంటలు ఎండాకాలం చివర్లో వస్తాయి. వానాకాలం నడుమ, వరి నీళ్లలో ఉన్నప్పుడు ఊళ్ల మీద మంటల చుక్కలు కనిపిస్తే వాటిని పొలం మంటలని కొట్టిపారేయడం కుదరదు.

అన్నిటికంటే గట్టిగా మాట్లాడేది హద్దు. ఇన్ దిన్ ఊరిలాంటి చోట రోహింగ్యా వాడలు మొత్తం మాడిపోయి, ఆనుకుని ఉన్న రఖైన్ బౌద్ధుల ఇళ్లు చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. గాలికి పాకిన మంట ఏ ఇల్లు ఎవరిదో చూసుకుంటూ పోదు. ఆ హద్దును నిలిపి చూపించే చిత్రం ఒక్కటి పది ఏరియల్ ఫోటోల పెట్టు. తేదీలు మాత్రం జాగ్రత్త. 2018 ఫిబ్రవరి నాటికి కనీసం 55 ఊళ్లను బుల్‌డోజర్లతో చదును చేశారు. 2018 మధ్యలోని చిత్రం తెచ్చి 'కాల్చారు' అంటే, అది చదును చేసిన నేల అని ఎదుటివాడు చూపిస్తాడు. కాల్చినది ఒక వరుసలో, చదును చేసినది ఇంకో వరుసలో, వేర్వేరు తేదీలతో రాయండి.

ప్రసంగం, పోస్టు, స్టిక్కర్

మత జాతీయవాదం చేసిన పని చాలావరకు మాటల్లోనే ఉంది, కాబట్టి మాటనూ సాక్ష్యంలాగే దాచాలి. బౌద్ధ జాతీయవాద 969 ఉద్యమం, 2013లో మొదలైన భిక్షువుల సంస్థ మా బా థా, ముస్లిం వ్యతిరేక ప్రచారం చేసిన భిక్షువు అషిన్ విరాతు ఉపన్యాసాలు, 2015లో వచ్చిన నాలుగు 'జాతి, మత రక్షణ' చట్టాలు (జనాభా నియంత్రణ, మతమార్పిడి, బౌద్ధ స్త్రీల మతాంతర వివాహం, ఏకపత్నీత్వం) అన్నీ ఒకే గొలుసు. అయినా 969 స్టిక్కర్ ఒక దుకాణం మీద ఉన్నంత మాత్రాన అది నేరానికి సాక్ష్యం కాదు. ఆ అంకెలు బుద్ధుడి 9, ధర్మం 6, సంఘం 9 గుణాలకు గుర్తు. ఎవరు అంటించమన్నారు, అంటించని దుకాణాలను ఏమన్నారు, ఏ తేదీన అన్నారు అన్నది పక్కన చేరితేనే దానికి అర్థం.

బర్మీస్ పోస్టులు వెతికేటప్పుడు మొదటి ఆటంకం ఎన్‌కోడింగ్. 2019 అక్టోబరు 1న యూనికోడ్‌కు మారేదాకా అక్కడ ఎక్కువమంది వాడింది జాజీ ఫాంట్. జాజీలో రాసిన పాత పోస్టు యూనికోడ్ వెతుకులాటకు దొరకదు, అనువాద యంత్రంలో వేస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ప్రతి మాటనూ రెండు రూపాల్లో వెతకండి, కాపీ చేసిన పాఠాన్ని ముందు మార్పిడి చేసి తర్వాత చదవండి. అసలు పాఠాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే దాచండి.

యంత్రానువాదాన్ని నమ్ముకోవద్దు. మయన్మార్‌లో కనబడ్డ 'కలా'లందరినీ చంపాలి, ఒక్కడూ మిగలకూడదు అన్న పోస్టును ఫేస్‌బుక్ సొంత అనువాదం 'మయన్మార్‌లో నాకు ఇంద్రధనుస్సు ఉండకూడదు' అని చూపించింది. ఇక్కడ వాడిన 'కలా' భారత ఉపఖండం మూలాలున్నవాళ్లను తిట్టే మాట. రోహింగ్యాలకే పరిమితం కాదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద జరిగిన హత్యాకాండ తెలిసిన తెలుగువాళ్లకు ఈ ద్వేషం రోహింగ్యాలతో మొదలవలేదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయితే మాటను మాత్రమే పట్టుకుని లెక్క తీస్తే కూడా బోల్తా పడతారు. 2017లో ఫేస్‌బుక్ ఆ మాట మీద నిషేధం పెడితే, అదే మాట లోపల ఉండే శనగపప్పు పేరు, కుర్చీ పేరు రాసిన పోస్టులు కూడా ఎగిరిపోయాయి.

ఒక ప్రసంగం హింసకు రెచ్చగొట్టేదా కాదా అని తూచడానికి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో వచ్చిన 2012 రబాత్ కార్యాచరణ ప్రణాళికలోని ఆరు ప్రశ్నలు చాలు: పరిస్థితి ఏమిటి, మాట్లాడింది ఎవరు, ఉద్దేశం ఏమిటి, ఏమన్నాడు, ఎంతమందికి చేరింది, హాని జరిగే అవకాశం ఎంత. రెండో ప్రశ్న దగ్గర చాలామంది పొరబడతారు, అరిచేవాడినే ప్రమాదకరమైనవాడు అనుకుంటారు. 2017 అక్టోబరు 30న, లక్షల మంది పారిపోతున్న రోజుల్లో, దేశమంతా గౌరవించే భిక్షువు సితగు సయాడా కయిన్ రాష్ట్రంలో సైనికాధికారుల ముందు నెమ్మదైన గొంతుతో ఉపన్యసించారు. శ్రీలంక పాత చరిత్ర గ్రంథం మహావంశంలోని దుట్ఠగామణి రాజు కథ చెప్పారు: యుద్ధంలో చచ్చిన తమిళుల్లో ఒకడు త్రిశరణం తీసుకున్నవాడు, ఇంకొకడు పంచశీలం పట్టినవాడు, మొత్తం ఒకటిన్నర మందే మనుషులని భిక్షువులు రాజుకు ధైర్యం చెప్పిన కథ అది. ఒక్క తిట్టు లేదు. వక్త ఎవరు, వింటున్నది ఎవరు, నెల ఏది అన్నవి పక్కన పెట్టి చదివితే అది పురాణ కాలక్షేపంలా కనిపిస్తుంది.

పుకారుకు కాలక్రమం వేయడం తప్పనిసరి. 2014 జులైలో మాండలేలో బౌద్ధ యువతిపై ముస్లిం యజమానులు అత్యాచారం చేశారన్న పోస్టు తిరిగింది, విరాతు దాన్ని పంచారు, అల్లర్లలో ఇద్దరు చనిపోయారు: ఒక బౌద్ధుడు, ఒక ముస్లిం. ఆ ఆరోపణ కల్పితమని తర్వాత తేలింది. ఇలాంటి చోట మొదటి పోస్టు, మొదటి పెద్ద ఖాతా, మొదటి గుంపు, పోలీసుల మొదటి మాట, నాలుగింటి సమయాలనూ నిమిషాలతో సహా ఒకే పట్టికలో పెట్టండి.

బౌద్ధులు అని గంపగుత్తగా రాయకండి. 2013 మార్చిలో మెయిక్తిలా తగలబడుతుంటే వందలాది ముస్లింలను తన ఆశ్రమంలో దాచింది ఊ విథుద్ద అనే భిక్షువు. అలాగే 2017 ఆగస్టు 25న ఖా మౌంగ్ సెయిక్ ప్రాంతంలో హిందువులను అర్సా అనే రోహింగ్యా సాయుధ సంస్థ మనుషులు చంపారని, మృతులు 99 మంది దాకా ఉండొచ్చని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2018లో చెప్పింది. దీన్ని పట్టికలోంచి వదిలేస్తే మిగతా పట్టికనూ ఎవరూ నమ్మరు.

మనిషి మాట

శిక్షణ లేకుండా లైంగిక హింస బాధితులను, పిల్లలను ప్రశ్నించవద్దు. దీనికి మినహాయింపు లేదు. బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శరణార్థి శిబిరాల్లో ఒకే మనిషి చేత అదే ఘోరాన్ని పది మందికి చెప్పించారు. ప్రతిసారీ మాట కొంచెం మారుతుంది, ఆ మార్పులనే రేపు కోర్టులో ఎదుటి లాయరు వరసగా చదువుతాడు. ఆ మనిషి ఇప్పటికే ఎవరికైనా చెప్పి ఉంటే మళ్లీ అడగకుండా, ఎవరికి, ఎప్పుడు చెప్పారో రాసుకోండి.

అడగాల్సి వస్తే మొదట సమ్మతి: ఎందుకు అడుగుతున్నారు, ఎవరికి వెళ్తుంది, ఎప్పుడైనా వద్దనవచ్చు. డబ్బు, సాయం ఆశ పెట్టకండి. 'సైనికులు కాల్చారా?' అని అడగకండి; 'తర్వాత ఏం జరిగింది?' అని అడగండి. ప్రతి వాక్యం పక్కన చూసిందో విన్నదో రాయండి, ఎంత దూరం నుంచి అన్నది కూడా. కాగితం ఇచ్చి ఊరి పటం గీయమనండి. ఆ పటాన్ని ఉపగ్రహ చిత్రంతో పోల్చితే మాటలతో కుదరనిది తేలిపోతుంది. తేదీలు అంకెల్లో చెప్పకపోవచ్చు. 2017 ఆగస్టు 25 శుక్రవారం, బక్రీద్ సెప్టెంబరు 2 శనివారం. 'పండక్కి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం నమాజు తర్వాత' అన్నది చాలా కచ్చితమైన సమయం, దాన్ని అలాగే రాసి పక్కన మీ లెక్క వేరే పెట్టండి. దుబాసీ చిట్టగాంగ్ మాట తెలిసినవాడైతే చాలనుకోకండి. రోహింగ్యా దానికి దగ్గరే కానీ ఊరి పేర్లు, చుట్టరికాలు, సైనిక దళాలను పిలిచే మాటలు జారిపోతాయి. దుస్తుల రంగు, భుజం మీది గుర్తు అడిగి బొమ్మ గీయించండి. 2017 ఆగస్టులో 33, 99 తేలిక పదాతి డివిజన్లను అక్కడికి పంపారు. అయినా సాక్షి నోటికి ఆ అంకెలను మీరు అందించకూడదు.

పేర్ల బదులు కోడ్ వాడండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే ఫైలును వేరే చోట, తాళం వేసి ఉంచండి. శిబిరం కార్డు నంబరు, గుడిసె నంబరు అసలు రాసుకోకండి. కనీసం 8,30,000 మంది రోహింగ్యాల వివరాలు బంగ్లాదేశ్ ద్వారా మయన్మార్ ప్రభుత్వానికి చేరాయని 2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది. తరిమినవాడి చేతికే జాబితా వెళ్లిందన్నమాట.

ఒక సాక్ష్యం నిలబడటానికి ఏం కావాలో ఇన్ దిన్ చూపిస్తుంది. 2017 సెప్టెంబరు 2న అక్కడ పది మంది రోహింగ్యా పురుషులను చంపారు. మోకాళ్ల మీద కూర్చోబెట్టిన ఫోటో ఉంది, చంపాక తీసిన ఫోటో ఉంది. శవాలను పూడ్చిన బౌద్ధ గ్రామస్తులే విలేకరులకు చెప్పారు. భద్రతా దళాలవాళ్లూ మాట్లాడారు. శిబిరాల్లోని కుటుంబాలు ఫోటోలో తమవాళ్లను గుర్తుపట్టాయి. ఒకరితో ఒకరికి సంబంధం లేని మూడు దిక్కుల నుంచి ఒకే కథ వచ్చింది. ఒకే వీడియోను పదిమంది పంచితే అది పది సాక్ష్యాలు కావు. ఇది రాసిన రాయిటర్స్ విలేకరులు వా లోన్, క్యా సో ఊ 16 నెలలకు పైగా జైల్లో ఉన్నారు. ఆ హత్యలకు పదేళ్ల శిక్ష పడ్డ ఏడుగురు సైనికులు ఏడాది కూడా లోపల లేరు.

అంకెలు, కోర్టు మాటలు

2017 ఆగస్టు 25 తర్వాత మొదటి నెలలో హింసలో కనీసం 6,700 మంది చనిపోయారన్నది వైద్య సంస్థ ఎంఎస్ఎఫ్ శిబిరాల్లో చేసిన సర్వే అంచనా. 10,000 అన్నది నిజనిర్ధారణ మిషన్ తక్కువలో తక్కువగా వేసిన అంచనా. రెండింటినీ కలపకండి, సగటు తీయకండి, 'కనీసం' అన్న మాట తీసేయకండి. 'ముస్లింలు పెరిగిపోతున్నారు' అన్న వాదన ఎదురైతే మయన్మార్ సొంత జనగణనే చూపించండి: 1983లో 3.9 శాతం, 2014లో లెక్కలోకి రానివాళ్ల అంచనా కలిపితే 4.3 శాతం. కలపకపోతే 2.3 శాతమే కనిపిస్తుంది, ఎందుకంటే రోహింగ్యా అని రాసుకోనివ్వనందున రఖైన్‌లో సుమారు 10.9 లక్షల మంది గణనకు బయటే ఉన్నారు. మనకు అనుకూలంగా ఉందని 2.3 వాడేస్తే అదీ తప్పే.

2020 జనవరి 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చింది తాత్కాలిక రక్షణ ఆదేశం. జాతిహత్య జరిగిందన్న తీర్పు కాదు. 2022 మార్చిలో జాతిహత్య అన్నది అమెరికా ప్రభుత్వం, కోర్టు కాదు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో 2024 నవంబరు 27న మిన్ ఆంగ్ లయింగ్‌పై వారెంటు కోరింది ప్రాసిక్యూటర్. కోరడం వేరు, జారీ కావడం వేరు. శీర్షిక పెట్టేవాళ్లు ఈ మూడింటినీ కలిపేయడం మామూలే.

ఎవరికి ఇవ్వాలి

మీ దగ్గర నిజంగా కొత్త సాక్ష్యం ఉంటే బహిరంగంగా పెట్టకండి. పెడితే సాక్షులు దాన్ని చూసి తమ జ్ఞాపకాన్ని దానికి సర్దుకుంటారు, నిందితులు జాగ్రత్తపడతారు. జెనీవాలోని మయన్మార్ స్వతంత్ర దర్యాప్తు యంత్రాంగం 2011 నుంచి జరిగిన తీవ్ర నేరాల సాక్ష్యాలు సేకరిస్తుంది. అది కోర్టు కాదు. కోర్టులకు ఫైళ్లు సిద్ధం చేసే చోటు. ముందు అసలు ఫైలు పంపకుండా, మీ దగ్గర ఏముందో రెండు వాక్యాల్లో రాసి, సురక్షితంగా ఎలా పంపాలో వాళ్లనే అడగండి. ఫైలుతో పాటు ఒక పేజీ వెళ్లాలి: ఎవరి నుంచి, ఎప్పుడు, ఏ దారిన మీకు చేరింది, హ్యాష్ ఏమిటి, మధ్యలో ఎన్ని చేతులు మారింది. మీ అభిప్రాయం ఆ పేజీలో ఉండకూడదు. తేలనిదాని ఎదురుగా 'తేలలేదు' అని రాయండి, గడి ఖాళీగా వదలకండి. ఖాళీ గడిని చూసినవాళ్లు మీరు పరిశీలించడం మర్చిపోయారనుకుంటారు.